ముట్లు ఆగే వయసులో గాబరా, గుండెదడ: నడకతో ఎలా తగ్గించుకోవాలి

ఉన్నట్టుండి ఛాతీలోంచి మెడ మీదుగా ముఖంలోకి సెగ ఎగదన్నుతుంది. చిన్న ఫోన్ మోగినా గుండె దడదడలాడుతుంది. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. వరసగా 12 నెలలు ముట్లు రాకపోతేనే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో అది సగటున 46 ఏళ్ళ ప్రాంతంలోనే వస్తుంది. అయితే ఈ గాబరా దానికి కొన్నేళ్ళ ముందే, ముట్లు తప్పుతూ వస్తూ ఉండగానే మొదలవుతుంది. అందుకే చాలామంది దీన్ని గుండెజబ్బు అనో, టెన్షన్ అనో అనుకుంటారు.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేసినవాళ్ళకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఈ లక్షణాలు మరింత గట్టిగా ఉంటాయి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయి. ఆపరేషన్ అయినవాళ్ళు అండాశయాలు ఉంచారో తీశారో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. అర్థం కాకపోతే డాక్టరును అడిగి తెలుసుకోండి.

వ్యాయామం దేనికి పనికొస్తుందో ముందే చెప్పుకోవాలి. గాబరా, దిగులు, నిద్రలేమి, ఒంటి బిగుతు, పెరిగే బరువు, బీపీ, షుగరు: వీటికి మేలు చేస్తుంది. వేడి ఆవిర్లు, అంటే ముఖంలోకి ఎగదన్నే ఆ సెగ, నడకతో తగ్గిపోతాయని గట్టిగా చెప్పడానికి తగినంత ఆధారం లేదు. కొందరికి తగ్గుతాయి, కొందరికి ఏ మార్పూ ఉండదు. ఆవిర్లు మరీ ఇబ్బంది పెడుతుంటే వాటికి మందులున్నాయి, గైనకాలజిస్టును అడగండి. నడుస్తున్నాం కదా అని మందు మానేయకూడదు, మందు వేసుకుంటున్నాం కదా అని నడక మానేయకూడదు.

మెల్లగానే ఎందుకు

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం చాలా సున్నితంగా తయారవుతుంది. ఒంటి వేడి కొంచెం పెరిగినా ఎక్కువైపోయిందనుకుని చర్మం కింది రక్తనాళాలను తెరిచేసి చెమట పట్టిస్తుంది. మొదటి నిమిషం నుంచే విసురుగా నడిస్తే ఆవిరి వచ్చేది ఇందుకే. వేడి కొద్దికొద్దిగా ఎక్కనిస్తే ఒంటికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

గాబరా విషయంలో ఇంకో సంగతి ఉంది. గాబరా వచ్చినా, ఆవిరి వచ్చినా, నడిచినా ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే: గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, చెమట పడుతుంది. నెలల తరబడి గాబరాతో ఉన్న మనిషికి గుండె వేగం పెరగడమే ఒక భయం అయిపోతుంది. రోజూ మనంతట మనం గుండె వేగాన్ని కాస్త పెంచి, అది మళ్ళీ నెమ్మదించడం చూసుకుంటూ ఉంటే దడ వచ్చినంత మాత్రాన ప్రమాదం లేదని ఒంటికి అలవాటవుతుంది. మొదటి రోజే ఆయాసం వచ్చేలా నడిస్తే జరిగేది దీనికి తలకిందులు: భయం ఇంకా పెరిగి, మర్నాడు గడప దాటబుద్ధి కాదు.

మొదలుపెట్టే ముందు

ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్, షుగరు చూపించి, బీపీ కొలిపించుకుంటే చాలు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా గుండెదడ, చెమట, నీరసం అచ్చం ఇలాగే ఉంటాయి. ముట్లు ఆగే ముందు చాలామందికి రక్తస్రావం బాగా ఎక్కువగా అవుతుంది. అలా హిమోగ్లోబిన్ పడిపోయిన మనిషి ఎంత నడిచినా దడ తగ్గదు, ముందు రక్తం పట్టాలి. బీపీ 180/110 దాకా ఉంటే అది అదుపులోకి వచ్చాకే నడక మొదలుపెట్టాలి. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు ఇంట్లో అటూ ఇటూ నడవడం తప్ప మిగతాది డాక్టరు సరేనన్నాకే చేయాలి. మామూలుగా దానికి 6 వారాలు పడుతుంది.

చెప్పుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ వయసులో నడక మానేయడానికి పెద్ద కారణాల్లో మడమ నొప్పి ఒకటి. పల్చటి రబ్బరు చెప్పులతో సిమెంటు రోడ్డు మీద నడిస్తే అరికాలి కింది పొర వాచి, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తుంటే మడమలో మేకు గుచ్చినట్టుంటుంది. మడమ కింద మెత్తగా, వెనక గట్టిగా పట్టి ఉంచే బూట్లు కొనుక్కోండి. కాళ్ళు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి బూట్లు సాయంత్రం పూటే వేసి చూసుకోండి. బొటనవేలి ముందు అర అంగుళం జాగా ఉండాలి. చీరే సౌకర్యం అనుకునేవాళ్ళు నూలు చీర చీలమండ పైకి కట్టుకోండి. పాలియెస్టర్ నైటీలు, బిగుతు లెగ్గింగులు వేడిని లోపలే పట్టేస్తాయి. పైన ఒక పల్చటి నూలు చున్నీ ఉంటే, ఆవిరి వచ్చినప్పుడు తీసేయడానికి వీలుగా ఉంటుంది.

ఎంత వేగం

నడుస్తూ పక్కమనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించండి. హాయిగా పాట పాడగలిగితే కాస్త పెంచండి. ఒంటరిగా నడిచేవాళ్ళు అడుగులు లెక్కపెట్టుకోవచ్చు. గడియారం చూసి 15 సెకన్లలో 25 అడుగులు పడితే నిమిషానికి 100 అన్నమాట, చాలామందికి మధ్యస్థ వేగం అదే. మొదటి రెండు వారాలు 15 సెకన్లకు 20, 22 అడుగులైనా తక్కువేం కాదు.

నాడి చూసుకునే అలవాటు ఉంటే 220లోంచి వయసు తీసేయండి. 48 ఏళ్ళ మనిషికి అది 172. అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి 110 నుంచి 130 మధ్య నాడి ఉంటే సరిపోతుంది. అయితే అటినొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి ఈ లెక్క పనికిరాదు, వాళ్ళు మాటల గుర్తునే నమ్ముకోవాలి. దడ అంటే భయపడేవాళ్ళు చేతికి ఫిట్‌నెస్ వాచీ పెట్టుకోకపోతేనే మంచిది. ప్రతి నిమిషం అంకె చూసుకుంటూ ఉంటే ఆ చూడటమే గాబరా పుట్టిస్తుంది.

ఒక రోజు నడక, నిమిషం నిమిషంగా

బయల్దేరడానికి అరగంట ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగండి. మూత్ర విసర్జన చేసి బయల్దేరండి.

మొదటి 5 నిమిషాలు కూరగాయల బండి దాకా వెళ్ళేటంత నిదానంగా నడవాలి. చేతులు కిందికి వదిలేసి భుజాలను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పండి. గాబరాగా ఉన్నప్పుడు భుజాలు చెవుల దాకా లేచిపోయి ఉంటాయి, మనకు తెలియను కూడా తెలియదు. పళ్ళు బిగపట్టి ఉన్నాయేమో చూసుకుని దవడ వదులు చేయండి. ఆ తర్వాత వేగం పెంచండి. అడుగు పొడుగు పెంచకుండా అడుగుల సంఖ్య పెంచాలి. పెద్ద పెద్ద అంగలు వేస్తే మోకాలికీ నడుముకీ దెబ్బ. మడమ ముందు ఆనాలి, పాదం దొర్లి బొటనవేలితో నెట్టుకోవాలి. మోచేతులు కాస్త వంచి చేతులను ముందుకూ వెనక్కూ ఊపండి. చూపు కాళ్ళ మీద కాకుండా పది పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. రోడ్డు గతుకులుగా ఉంటే మాత్రం కింద చూసుకోవాల్సిందే.

ఊపిరిని అడుగులతో జత చేయండి: మూడడుగులకు పీల్చడం, నాలుగైదు అడుగులకు వదలడం. వదలడం పొడుగ్గా ఉంటే గుండె నెమ్మదిస్తుంది. కుదరకపోతే బలవంతంగా చేయొద్దు, ఊపిరి బిగబడితే తల తిరుగుతుంది.

చివరి 5 నిమిషాలు మళ్ళీ నిదానం. ఈ భాగాన్నే ఎక్కువమంది వదిలేస్తారు, ఇంటి గుమ్మం దాకా విసురుగా వచ్చి కుర్చీలో కూలబడతారు. అలా ఆగిపోతే రక్తం కాళ్ళలోనే నిలిచి బీపీ తగ్గి కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు మరీనూ. ఒంట్లో వేడి కూడా దిగకుండానే ఫ్యాను లేని వంటింట్లోకి వెళితే అప్పుడు ఆవిరి వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి ఉంచండి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. ఒక్కో కాలికి 30 సెకన్లు, రెండుసార్లు. మడమ నొప్పి రాకుండా ఇది బాగా కాపాడుతుంది.

మొదటి రెండు వారాలు మొత్తం 10 నిమిషాలు, వారానికి 5 రోజులు. ముందూ వెనకా 3 నిమిషాలు నిదానం, మధ్యలో 4 నిమిషాలు వేగం. 3, 4 వారాల్లో 15 నిమిషాలు, 5, 6 వారాల్లో 20, 7, 8 వారాల్లో 25, ఆ తర్వాత 30. వారానికి 5 రోజులు 30 నిమిషాలైతే 150. పెద్దవాళ్ళు వారానికి కనీసం అంత మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అయితే వేగంగా నడిచిన నిమిషాలనే అందులో లెక్కేయాలి కాబట్టి, 30 నిమిషాలు అలవాటయ్యాక ముందూ వెనకా నిదాన నడకను దానికి అదనంగా కలుపుకోండి. ఏ మెట్టు దగ్గరైనా మర్నాడు ఒళ్ళు నొప్పులతో లేవలేకపోతే ఆ మెట్టు మీదే ఇంకో వారం ఉండండి. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి మిగతా రోజులు మానేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి.

“రోజంతా ఇంటి పని చేస్తున్నాం, అది చాలదా” అని అడుగుతారు. ఇంటి పనీ ఒంటికి కదలికే, దాన్ని తీసిపారేయనక్కర్లేదు. కానీ అందులో గుండె వేగం ఒక లయలో పదినిమిషాలు నిలవదు. ఆ పని చేస్తున్నంతసేపూ మనసు కుక్కర్ విజిల్ మీదో, పిల్లల క్యారేజీ మీదో ఉంటుంది. గాబరా తగ్గాలంటే ఎవరూ పిలవని ఒక ఇరవై నిమిషాలు కావాలి. ఇంట్లోవాళ్ళు ఆ సమయాన్ని అడ్డుకోకుండా ఉండటం కూడా వైద్యంలో భాగమే.

ఎండలు, వానలు, బయటికి వెళ్ళలేని రోజులు

మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండెక్కాక నడక వద్దు. తెల్లారి వెలుగొచ్చీ రాకముందే మొదలుపెట్టాలి. సాయంత్రం నడిచేవాళ్ళు డాబా మీద నడవొద్దు, పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కోస్తాలో ఉక్కపోత ఎక్కువ, చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. అక్కడ గాలి తగిలే చోటు చూసుకోవాలి, లేదంటే ఇంట్లో ఫ్యాను కింద చేసుకోవాలి.

ఇంట్లో చేయడానికి ఆరడుగుల జాగా చాలు. ఉన్నచోటే కవాతులాగా అడుగులు 3 నిమిషాలు వేయండి, మోకాలు ఎంత లేస్తే అంతే. తర్వాత కుడికి ఒక అడుగు వేసి ఎడమకాలు చేర్చడం, ఎడమకు వేసి కుడికాలు చేర్చడం 3 నిమిషాలు. తర్వాత మడమను ముందుకు ఆనించి వెనక్కి తీయడం, కాళ్ళు మార్చి మార్చి 2 నిమిషాలు. నాలుగడుగులు ముందుకు, చప్పట్లు, నాలుగడుగులు వెనక్కి, ఇలా 4 నిమిషాలు. మళ్ళీ పక్క అడుగులు 3 నిమిషాలు, ఈసారి చేతులు భుజాల ఎత్తుకు లేపుతూ. చివర 3 నిమిషాలు నిదానంగా కవాతు. మొత్తం 18 నిమిషాలు. ఏ క్షణంలోనైనా ఒక కాలు నేల మీద ఉండాలి, ఎగరడం లేదు. నున్నటి టైల్స్ మీద సాక్సులతో చేస్తే జారిపడతారు, ఉత్త కాళ్ళతోనో బూట్లతోనో చేయండి.

ఒంటరిగా చేయబుద్ధి కానివాళ్ళకు కోలాటం చక్కటి దారి. ఇప్పుడు ఊరూరా ఆడవాళ్ళ కోలాటం బృందాలున్నాయి. తాళానికి అడుగు, చేతికి పని, గుంపులో నవ్వులు, గాబరాకు ఇంతకంటే ఏం కావాలి. మొదటి నెల నిదానం పాటలకే ఆడండి. గిర్రున తిరగడం, నడుం బాగా వంచడం, సిమెంటు నేల మీద ఎగరడం, ఈ మూడూ వదిలేయండి. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ వంగి లేస్తూ చప్పట్లతో తిరిగే అడుగులూ ఇలాంటివే. పండుగ తొమ్మిది రోజులే గానీ ఆ అడుగులను మిగతా రోజుల్లోనూ వేసుకోవచ్చు. మోకాళ్ళు అరిగినవాళ్ళకు కదలకుండా ఒకేచోట ఉండే వ్యాయామ సైకిలు నయం: పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ఎత్తు పెట్టుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద బరువు పడి నొప్పి ఎక్కువవుతుంది.

మధ్యలో ఏదైనా వస్తే

ఆవిరి వస్తే టక్కున ఆగొద్దు. వేగం సగానికి తగ్గించి, చున్నీ తీసేసి, మెడ వెనకా మణికట్లకూ నీళ్ళు అద్దుకోండి. చాలా ఆవిర్లు 5 నిమిషాల్లోపే దిగిపోతాయి. దిగాక ఓపిక ఉంటే మళ్ళీ నిదానంగా సాగండి.

గాబరా వస్తే ఇంటికి పరుగెత్తడం ఒక్కటే చేయకూడదు. నీడన నిలబడి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఇలా పదిసార్లు. పాదాలు నేలకు ఆనడం గమనించండి. దడ కాస్త తగ్గాక కనీసం 2 నిమిషాలు నడిచి అప్పుడు ఇంటి వైపు తిరగండి. భయపడి పారిపోతే ఆ చోటంటేనే భయం పట్టుకుంటుంది. మొదటి వారాల్లో ఇంటి చుట్టుపక్కలే తిరిగితే ఈ ధైర్యం సులువుగా వస్తుంది.

షుగరుకు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళకు ఒక జాగ్రత్త. చెమట, వణుకు, దడతోపాటు ఆకలి, మాట తడబాటు ఉంటే అది ఆవిరి కాకపోవచ్చు, షుగరు పడిపోయి ఉండొచ్చు. మిషన్ దగ్గరుంటే చూసుకోండి. 70 కంటే తక్కువున్నా, చూసుకునే వీలు లేకపోయినా 3 చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకు తాగి 15 నిమిషాలు కూర్చోండి. చిన్న పొట్లంలో పంచదారో గ్లూకోజో నడకకు వెంట తీసుకెళ్ళాలి, ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

దగ్గినా, వేగంగా నడిచినా మూత్రం చుక్కలు పడతాయని ఎందరో నడకే మానేస్తారు, సిగ్గుతో ఎవరికీ చెప్పరు. నీళ్ళు తాగడం తగ్గించొద్దు, మూత్రం చిక్కబడితే ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను 5 సెకన్లు బిగించి 5 సెకన్లు వదలండి, పదిసార్లు, రోజుకు మూడుపూటలా. ఇది మూత్రం పోస్తుండగా కాకుండా మామూలుగా కూర్చుని చేయాలి. తేడా తెలియడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. అప్పటిదాకా ప్యాడ్ పెట్టుకుని నడవండి.

నిద్ర పట్టనివాళ్ళకు పొద్దుటి వెలుతురులో నడక ఎక్కువ మేలు. సాయంత్రమే కుదిరితే పడుకోవడానికి 2, 3 గంటల ముందే ముగించండి, ఒంటి వేడి దిగాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేసి చూడండి. దడకూ నిద్రలేమికీ కాఫీ కారణమైనవాళ్ళు చాలామంది ఉంటారు.

ఎముకల కోసం నడక ఒక్కటే చాలదు. ముట్లు ఆగిన మొదటి ఏళ్ళలోనే ఎముక త్వరగా అరుగుతుంది. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి నెట్టుకోవడం పదిసార్లు చేయండి. అలవాటయ్యాక రెండేసి విడతలు చేయండి.

ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవి

ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో వీపు పైభాగానికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండి చల్లటి చెమట, స్పృహ తప్పడం: వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయించండి. ఆడవాళ్ళకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానూ వస్తుంది. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనిపించినా గైనకాలజిస్టుకు చూపించాలి. నడుస్తున్నా రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు.

నడిచిన రోజు మనసు తేలికపడటం మొదటి వారంలోనే చాలామందికి తెలుస్తుంది, కానీ అది కొన్ని గంటలే ఉంటుంది. రోజంతా ఉండే మార్పుకు 6 నుంచి 12 వారాలు పడుతుంది. క్యాలెండరు గడిలో రోజూ రెండు అంకెలు రాసుకోండి: ఎన్ని నిమిషాలు నడిచారు, గాబరా పదికి ఎంత ఉంది. మధ్యలో జ్వరం వచ్చో, పెళ్ళి పనుల్లో పడో ఆగిపోతే, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టకండి. వారం ఆగితే చివరిగా నడిచిన నిమిషాల్లో సగంతో మొదలుపెట్టండి, నెల దాటితే మళ్ళీ 10 నిమిషాల నుంచి రండి. వైరల్ జ్వరం తగ్గాక ఒంట్లో నీరసం ఉన్నంతకాలం వేగం పెంచొద్దు.